పొమ్మనలేక కప్పిన శాలువా

కోడేరు మండలంలో ఒక మూలకు ఉండే ఆ ఊళ్లో ఎవరినీ ముఖం మీద పొమ్మనరు. పొమ్మనలేక పొగబెట్టడం అన్ని ఊళ్లలోనూ ఉన్నదే గానీ, ఈ ఊరివాళ్లు ఇంకాస్త మర్యాదస్థులు. శాలువా కప్పుతారు. ఫ్యూజు పోయిందని మొత్తుకున్నా మూడో నాటికి గానీ రాని లైన్‌మన్ పెంటయ్యను అట్లాగే సాగనంపారు. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీ వేసి కూచోబెట్టి, మెడలో దండ వేసి, భుజాల మీద శాలువా కప్పి, ఆయన సేవలను నలుగురూ నోరారా పొగిడారు. పెంటయ్య పక్క ఊరివాడే కాబట్టి దండ వాడకముందే సంగతి అర్థమైంది. పైవాళ్ల కాళ్లావేళ్లా పడి వేరే చోటికి మార్పించుకున్నాడు. అంతకుముందు ఒక రేషన్ డీలరుకూ ఇదే మర్యాద జరిగింది. అందుకే ఆ ఊళ్లో ఎవరికైనా సన్మానం అని వినపడితే చాలు, పిల్లలు కూడా "ఎప్పుడు పోతుండు?" అని అడుగుతారు.

ఈ అలవాటును నమ్ముకునే జములమ్మ కొరివితో తల గోక్కుంది.

జములమ్మ ఆ ఊరి బడి కమిటీకి చైర్మన్. ఎన్నిక జరిగిన రోజు మీటింగుకు వచ్చిన తల్లుల్లో చివరిదాకా కూచున్నది ఆమె ఒక్కతే కాబట్టి పదవి ఆమెకు దక్కింది. కొంత మెట్ట చెలక, రెండు బర్రెలు, మాటకు ముందు బీడీ వెలిగించే మొగుడు వెంకటన్న, సాయిశ్రీ అనే కూతురు, ఇదీ ఆమె సంసారం. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. కూతురి చదువు అట్లా ఆగకూడదని ఆమె పట్టుదల. ఆ సంగతి మాట్లాడేటప్పుడు ఆమె గొంతు పంచాయతీ మైకుకు ఏమాత్రం తీసిపోదు.

సాయిశ్రీని మొదట రోడ్డు మీది ఊళ్లో ఉన్న ప్రైవేటు బడికి వ్యానులో పంపింది. టై, బెల్టు, బూట్లు అన్నీ అమిరాయి, చదువొక్కటే అమరలేదు. మూడో తరగతిలో ఉండగా ఒకసారి వనపర్తికి పోతూ, ఎదురుగా వస్తున్న బస్సు బోర్డు చదవమంటే, పిల్ల తల్లి ముఖంలోకి చూసి, "నీకు రాదా అమ్మా?" అని అడిగింది. జములమ్మకు ఆ రోజు వనపర్తిలో తిన్న మిర్చి బజ్జీ కూడా చేదనిపించింది. వేసవి దాటగానే పిల్లను వ్యాను దింపి, ఊరి సర్కారు బడిలో రోహిణి మేడం ముందు కూచోబెట్టింది.

రోహిణి మేడం కొత్తగా ఉద్యోగంలో చేరిన చిన్న వయసు మనిషి. కుర్చీ గోడకు జరిపి, పిల్లలతో పాటు నేల మీద కూచునేది. దసరా నాటికి సాయిశ్రీ యూరియా సంచి మీది రాతలు, మందుగోలీల అట్ట మీది రాతలు, గోడల మీద మిగిలిపోయిన ఎన్నికల రాతలు గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. ఇల్లంతా హోరు. తండ్రి బీడీ కట్ట మీది హెచ్చరిక కూడా చదివి వినిపించి, ఆయన చేత రెండు రోజులు బీడీ మాన్పించింది.

ఇక జములమ్మకు పట్టపగ్గాల్లేవు. ఇంటింటికీ పోయింది. "రోహిణి మేడం ఉన్నది. మీ పిల్లలకు సదువు రాకుంటే నన్నడుగుండ్రి. పూచీ నాది," అని చెప్పింది. పూచీ అనే మాట ఆ ఊళ్లో తమాషాకు అనేది కాదు. ఒకరి అప్పుకు పూచీ నిలబడి ఉన్న ఎద్దులను పోగొట్టుకున్న ఇళ్లు అక్కడ ఉన్నాయి. అందుకే ఆ మాటకు విలువ. తల్లులు ఒక్కొక్కరే పిల్లలను వ్యాను దింపారు. పొద్దున్నే మలుపు దగ్గర హారన్ కొట్టి కొట్టి వ్యాను సగం ఖాళీగా వెనక్కి తిరుగుతుంటే, బర్రెలకు కుడితి పెడుతూ జములమ్మ దాన్ని జాతర చూసినట్టు చూసేది.

ఏడాది తిరిగేసరికి దెబ్బ పడింది.

బడిలో అప్పటిదాకా చదువు చెప్పేవాళ్లు ముగ్గురు. పెద్దసారు కురుమయ్య, రోహిణి మేడం, విద్యా వాలంటీర్‌గా పనిచేసే శ్రవణ్ కుమార్. వేసవి తర్వాత బడులు తెరిచాక వాలంటీర్లను తీసుకొమ్మని ఉత్తర్వు రాలేదు. నిధులు లేవన్నారు. శ్రవణ్ కుమార్ ఉత్తర్వు రేపో మాపో వస్తుందని కొన్నాళ్లు ఊరికే వచ్చి పాఠం చెప్పాడు. తర్వాత హైదరాబాదు పోయి, బండి మీద అన్నం పొట్లాలు చేరవేసే పనిలో కుదిరాడు. పోనీలే, ఇద్దరున్నారు కదా అని ఊరు సర్దుకుంది. జూలైలో ఇంకో కబురు వచ్చింది. ఆ ఇద్దరిలోనూ ఒకరిని అమ్రాబాద్ అడవి దిక్కున, సారు లేక తాళం పడిన ఒక బడికి సర్దుబాటు చేస్తున్నారట.

జములమ్మ చేతిలో పని చేతిలోనే వదిలేసి మండల విద్యాధికారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, చాయ్ తెప్పించాడు.

"కొత్త పోస్టులు రాలేదమ్మా. వాలంటీర్లకు బడ్జెట్ లేదు. ఉన్నోళ్లనే అటిటు జరపాలె. పొట్టి దుప్పటి ఇది. తలకాయకు కప్పితే కాళ్లు చలికి పోతయ్. నన్నేం చెయ్యమంటవ్?"

"ఆ చలికి పోయే కాళ్లు మా ఊరియే కావాల్నా సారూ?"

"అమ్రాబాద్ పిల్లలు గూడ పిల్లలే గదమ్మా. వాళ్లకు ఏడాదిసంది అ ఆ చెప్పే దిక్కు లేదు."

జములమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఆ పిల్లల మీద ఆమెకు కోపం లేదు, జాలి కూడా ఉంది. అయితే వాళ్లు ఆమె పూచీ కిందికి రారు.

"మరి ఎవర్ని పంపుతరు?"

"సర్వీసు తక్కువున్నోళ్లు పోవాలె. గది రూలు. అంటే మీ రోహిణి మేడం. పెద్దసారు తనంతట తాను పోతనంటే మాత్రం ఆమె ఉంటది. శనివారం పగటికల్లా తెలిస్తే అట్లనే రాసి పంపుత."

తనంతట తాను! జములమ్మ దారిపొడుగునా ఆ మాటనే నములుతూ వచ్చింది. కురుమయ్య సారుది వనపర్తి. రోజూ మోటారుసైకిల్ మీద వచ్చిపోతాడు. రిటైర్మెంటు దగ్గర పడింది. దుర్మార్గం ఎరగని మనిషి. పిల్లలను కొట్టడు, తిట్టడు, చదువూ చెప్పడు. ఎక్కాలు రాయమని పని పెట్టి పేపరు తిరగేస్తాడు. పేపరు అయిపోతే మళ్లీ మొదటి పేజీ నుంచి అందుకుంటాడు. ఒకప్పుడు బాగా చెప్పేవాడని అనేవాళ్లున్నారు. ఐదు తరగతులకూ ఒక్కడే సారైన బడుల్లో ఏళ్లకేళ్లు నలిగి, ఎప్పుడో చేతులెత్తేశాడు. ఇంటి నుంచి తిన్నగా వచ్చే బడిని వదులుకుని, ఈ వయసులో అడవికి పోతానని ఎవరంటారు?

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఊరు ఆ అడిగే పని ఒక్కటి తప్ప అన్నీ చేసింది. జములమ్మది ఎంత నోరైనా, పెద్దమనిషి ఎదుట నిలబడి "మీరు పోండి, ఆమె ఉంటది" అనే నోరు కాదు. కన్నబిడ్డ కోసమైనా ఆ మాట ఆమె గొంతు దాటదు. అందుకని మాజీ సర్పంచ్ బాలయ్య ఇంటి అరుగు మీద పోగై, ఊరికి తెలిసిన మర్యాదే చేద్దామనుకున్నారు.

"శాలువా కప్పుదం. సారు చదువుకున్నోడు, ఇషారా అర్థం చేసుకోడా?" అన్నాడు బాలయ్య.

"పెంటయ్యకే అర్థమయింది," అని వెంకటన్న బీడీ వెలిగించాడు.

పెంటయ్య పక్క ఊరివాడు, కురుమయ్య సారు వనపర్తి వాడు. ఈ తేడా ఆ అరుగు మీద ఒక్క బుర్రకూ తట్టలేదు.

పైగా మామూలు సన్మానం చాలదని జములమ్మ పట్టుబట్టింది. లైన్‌మన్ పోయింది పక్క మండలానికి, ఈయన పోవాల్సింది అడవికి. శాలువా ఒక్కటే ఆ బరువు మోయదని ఆమె లెక్క. వెంకటన్నను వెంటబెట్టుకుని గద్వాల పోయి, మగ్గం ఉన్న ఇంట్లోనే సారు భార్యకు చీర చూసింది. నేసిన ఇంటావిడ పట్టంచు విప్పి చూపిస్తూ, "ఎవరికమ్మా, బిడ్డకా?" అని అడిగింది.

"కాదక్కా. మా సారును సాగనంపుతున్నం. వాళ్లింటామెకు."

"చీర పెట్టి పంపుతున్నరంటే మంచి సారే ఉంటడు."

జములమ్మ ఇక బేరం ఆడలేకపోయింది. చీర మడతపెట్టమని, చెప్పిన ధర లెక్కపెట్టి ఇచ్చింది.

శుక్రవారం సాయంత్రం బడి ముందు షామియానా లేచింది. కురుమయ్య సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇదంతా తనకేనా అన్నట్టు అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి కుర్చీలో సర్దుకున్నాడు. రోహిణి మేడం పిల్లల మధ్య కింద కూచుంది. ఈ హడావిడి వెనక ఉన్న సంగతి ఆమెకూ ఎవరూ చెప్పలేదు.

అసలు చిక్కు పొగడ్తల దగ్గర వచ్చింది. సాగనంపే మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి గనక వెతికారు. వెతికితే నిజంగానే దొరికాయి. కరోనా నాడు సారు ఇంటింటికీ తిరిగి పిల్లల బియ్యం పంచిన సంగతి బాలయ్య చెప్పాడు. మధ్యాహ్న భోజనం వండే ఆమె లేచి, తన చెయ్యి కాలిన నాడు సారే పప్పు దించి, పిల్లలకు వడ్డించాడని చెప్పింది. పప్పులో ఉప్పు మరిచాడని కూడా చెప్పింది. అందరూ నవ్వారు, సారు కూడా నవ్వాడు.

ఆ తర్వాత తిమ్మమ్మ లేచింది. తిమ్మమ్మ బడి ఊడ్చే, చెవులు సరిగ్గా వినపడని ముసలామె. ఊడ్చినందుకు ఇచ్చే జీతం పైనుంచి ఆగిపోయినా ఆమె చీపురు ఆపలేదు. కర్ర పొడుచుకుంటూ వచ్చి, మైకును పట్టించుకోకుండా సారుతోనే మాట్లాడింది.

"ఆ కరోనా పురుగు నాకు ముట్టిన్నాడు నా కొడుకే దగ్గరికి రాలే నాయినా. నువ్వే గద నీ బండి మీద కూసోబెట్టుకున్నవ్. నేను పడిపోతనని నా కొంగు నీ నడుముకు కట్టుకొని నాగర్‌కర్నూల్ దవాఖానకు తీస్కపోయినవ్. సెలైను అయిపోయేదంక పక్కకే కూసున్నవ్."

ఆమె ఏడ్చింది. ఆమెను చూసి వంటామె ఏడ్చింది. వంటామెను చూసి చిన్నపిల్లలు గొంతెత్తారు. జములమ్మ మైకు అందుకుని, తాను ఏ పని మీద లేచిందో మరిచిపోయి, "సారూ, మీ అసుంటి మనిషి మాకు మళ్ల దొర్కడు," అన్నది. అన్నాక కళ్లు తుడుచుకుంది. శాలువా కప్పారు. చీర చేతుల్లో పెట్టారు.

కురుమయ్య సారు మాట్లాడడానికి లేచాడు.

"నాకు ఎవ్వరూ ఎన్నడూ శాలువా కప్పలే," అన్నాడు. "నా సదువు సంగతి నాకు తెల్వదా? మేడం చెప్పినట్టు నేను చెప్తలేను. ఆమె ఉంటేనే పిల్లలకు మేలు. గందుకే రేపు పొద్దుగాల ఆఫీసుకు పోయి, అమ్రాబాద్‌కు నేనే పోతనని చెప్పొద్దామనుకున్న. మా ఇంటామె తల్లిగారిది గూడ ఆ దిక్కున అచ్చంపేటనే. మీరు వద్దనుకునే దాంక ఎందుకుండాలె అని, మనసుల ఖాయం చేసుకున్న." ఆయన శాలువాను రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. "మీరు గింత ప్రేమ పెట్టుకున్నరని నాకు తెల్వకపాయె. ఇది చూసినంక ఎట్ల పోత? పోను. మీ ఊళ్లనే రిటైర్ అయిత. ఇంక మంచిగ సదువు చెప్త. మాటిస్తున్న."

షామియానా కింద తిమ్మమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టింది.

"మనం ఊకుంటే పోయేటోడే గద," అని వెంకటన్న పెళ్లాం చెవి దగ్గర గొణిగాడు. ఆ మాట జములమ్మకు ముందే తట్టింది. చేతులారా చేసుకున్నదానికి ఎవరిని తిట్టాలో తెలియక మొగుడిని తిట్టింది.

కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతుంటే రోహిణి మేడం దగ్గరికి వచ్చింది. ఆమెకు అప్పటికి ఎవరో చెప్పేశారు, పోవాల్సింది తానేనని.

"పరేషాన్ గాకు అక్కా. నేను పోత. గక్కడ గూడ పిల్లలే ఉన్నరు గద."

"మరి నేను పడ్డ పూచీ?"

"నేను పోతే ఇంకొకరు వస్తరు."

"ఎవరొస్తరు? ఉన్నోళ్లనే ఊడబెరుకుతుండ్రు."

రోహిణి మేడం ఇంకో కుర్చీ ఎత్తిపెట్టింది.

శనివారం పొద్దున నల్లా దగ్గర ఇద్దరు తల్లులు బిందెలు పట్టుకుని ఉన్నారు. జములమ్మ మాట విని పిల్లలను వ్యాను దింపినవాళ్లే. ఒకామె నెమ్మదిగా అడిగింది, "మేడం పోతదంట గదా జములమ్మా. సోమవారం నుంచి వ్యాను ఆయనను మళ్ల ఇంటి ముందుకు రమ్మనాల్నా?" అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే జములమ్మకు బాగుండేది, ఎదురు తిట్టి తేలికపడేది. పిల్లలు తగ్గితే ఆ ఒక్క సారునూ ఉంచరని, బడికే తాళం పడుతుందని ఆమెకు తెలుసు. బిందెను నల్లా కింద వదిలేసి బడికి నడిచింది.

కురుమయ్య సారు బడి గంటకు ముందే వచ్చి ఉన్నాడు. ఎప్పుడూ కుర్చీ దిగని మనిషి, నేల మీద పిల్లల మధ్య కూచుని ఉన్నాడు. మోకాళ్లు ముడుచుకోక ఒక కాలు బారచాపాడు. సుద్దముక్కతో బండ మీద ఏదో బొమ్మ వేసి, గొంతు మార్చి కథ చెబుతున్నాడు. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. ఆమెను చూసి, గోడ పట్టుకుని లేచి వరండాలోకి వచ్చాడు.

"రా జములమ్మా. రాత్రంత నిద్ర పట్టలే. ఏం చెప్పాలె, ఎట్ల చెప్పాలె అని గదే ఆలోచన. సంతోషం పట్టలేకపోయిన."

నోరు మూసుకుని వెనక్కి తిరిగితే ఈ మనిషి సంతోషం ఈయనకు ఉంటుంది. కానీ ఒక్క పొద్దు చెప్పిన కథను నమ్మి, ఊరి పిల్లలందరి మీద మళ్లీ పూచీ పడగలదా? రిటైరయ్యే వయసులో తెచ్చుకున్న ఈ హుషారు ఎన్నాళ్లుంటుంది? నల్లా దగ్గర ఉన్నవాళ్లకు ఏమని చెప్పాలి? లోపల మూడో వరుసలో సాయిశ్రీ తల కనబడింది. జములమ్మ మొదలుపెట్టింది.

"సారూ, ఒక మాట చెప్పాలె. చెప్పినంక మీరు నన్ను తిట్టాలె."

"నిన్నెందుకు తిడ్త?"

"మా ఊళ్లె పోయేటోళ్లకే సన్మానం చేస్తరు. ఉండేటోళ్లకు చెయ్యరు."

సారు నవ్వాడు. "నేను పోతలేను గద."

"పొమ్మననీకె చేసినం సారూ. నోటితోని అననీకె శాతగాక."

ఆయన నవ్వు వెంటనే పోలేదు. పెదాల మీద అట్లాగే కొంచెంసేపు నిలబడి, తర్వాత పోయింది. లోపల పిల్లలు కథ కోసం గోల చేస్తున్నారు. ఆయన వాళ్ల వైపు చూశాడు, తన చేతిలోని సుద్దముక్కను చూసుకున్నాడు. జములమ్మ తిట్ల కోసం తల వంచుకుని నిలబడింది.

"తిమ్మమ్మ ఏడ్చింది గూడ గందుకేనా?" అని అడిగాడు.

"కాదు సారూ, కాదు. ఆమెకు మేం చెప్పనే లే. ఆమెకు చెప్పాలంటే గట్టిగ ఒర్రి చెప్పాలె, ఒర్రితే మీకు ఇనపడ్తది. ఆమెకేం తెల్వదు సారూ. ఆమె నిజంగనే ఏడ్చింది."

నేను ఏడ్చింది కూడా నిజమే అని చెప్పబోయింది. చెప్పే ముఖం లేక ఆగిపోయింది. జీవితంలో అంత సిగ్గు ఆమె ఎన్నడూ పడలేదు.

"ఒక్కరైతే ఉన్నరు గద," అన్నాడు కురుమయ్య సారు. "సాలు."

ఆమె ఎదుటే ఫోన్ తీసి మండల విద్యాధికారికి కలిపాడు. సుద్దముక్కల డబ్బా కావాలని అడిగేటప్పుడు ఎట్లా మాట్లాడతాడో అట్లాగే మాట్లాడాడు. "నమస్తే సార్, కురుమయ్యను. అమ్రాబాద్‌కు నా పేరు రాయండి... అవును సార్, నేనే పోత... లేదు సార్, ఎవ్వరూ బలవంతం చెయ్యలే. నా ఇష్టంతోనే."

ఫోన్ జేబులో పెట్టుకుని, గొంతు తగ్గించాడు. "జర ఈ సన్మానం సంగతి రోహిణి మేడంకు చెప్పకు. తెలిస్తే ఆమె ఉండదు. ఆమె గూడ పోతే నేను పోయి ఫాయిదా ఏంది?"

జములమ్మ తల ఊపింది. చేతులు జోడిద్దామనుకుంది గానీ, ఆ జోడించడం కూడా నిన్నటి సన్మానం లాగానే ఉంటుందేమోనని జోడించలేదు.

ఆయన లోపలికి పోయి, గోడ పట్టుకుని మెల్లగా మళ్లీ నేల మీద కూచున్నాడు. "యాడ ఆపినం?" అని అడిగాడు. పిల్లలంతా ఒక్కసారే చెప్పారు. భోజనం గంట కొట్టేదాకా చెబుతూనే ఉన్నాడు. జములమ్మ గడప ఇవతల నిలబడి అంతా విన్నది. కురుమయ్య సారు పాఠం బాగా చెప్పాడు.